టెస్టింగ్ సర్వర్‌కి ఫుల్ రేటా? మీరు కట్టేది భయానికి అద్దె!

ఆ, వచ్చేశారా! పోయిన వీడియోలో స్పాట్ సర్వర్లు, అంటే క్లౌడ్ కంపెనీలు ఖాళీగా ఉన్నప్పుడు చవగ్గా అద్దెకిచ్చి, అవసరమైతే మధ్యలోనే లాగేసుకునే కంప్యూటర్లు, వాడండి అన్నందుకు నన్ను వాయించేశారు కదా, "అన్నా, అర్ధరాత్రి సర్వర్‌లో నడుస్తున్న మా జాబ్ సగంలో చచ్చింది, నీ మాట విని మునిగాం" అని. సరే, ఈరోజు తేల్చేద్దాం. నేను మాట మార్చను, ఇంకో మెట్టు ఎక్కుతా. టెస్టింగ్‌కి, రాత్రిళ్లు నడిచే రిపోర్టులకి, వీడియో రెండరింగ్‌కి (ఎడిట్ చేసినదాన్ని ఫైనల్ వీడియోగా తయారుచేయడానికి) కూడా ఫుల్ రేటు సర్వర్ పెట్టారంటే మీరు భయానికి అద్దె కడుతున్నారు. అంతే!

ఆషాఢంలో ఫంక్షన్ హాల్ సంగతి చూడండి. ముహూర్తాలుండవు, హాలు ఖాళీ. ఓనరు దాన్ని చెస్ క్లాసుకి పదో వంతు రేటుకిచ్చి, "అసలు పార్టీ వస్తే మాత్రం రెండు నిమిషాల్లో చాపలు చుట్టేయాలి" అంటాడనుకోండి. అమెజాన్ 2009 డిసెంబర్ నుంచి చేస్తున్న స్పాట్ బేరం ఇదే, ఇప్పుడైతే 90 శాతం దాకా తగ్గింపు, ఖాళీ చేయడానికి రెండు నిమిషాల నోటీసు. అదే నయం, గూగుల్, మైక్రోసాఫ్ట్ వాళ్ల అజూర్ దగ్గరైతే 30 సెకన్లు, అంతలో మనకి చెప్పులు కూడా దొరకవు! మరి అలాంటి హాల్లో పెళ్లి పెట్టుకుని, తాళి కట్టే టైమ్‌కి లేపేశారని ఏడిస్తే ఎవరిది తప్పు? పేమెంట్ల డేటాబేస్ అక్కడ పెట్టమని నేనెప్పుడు చెప్పాను?

దెబ్బ నేనూ తిన్నాను. ఏ కంపెనీ అని అడక్కండి. ఆరు గంటల రెండరింగ్, ఇంకో ఇరవై నిమిషాల్లో అయిపోతుందనగా సర్వర్ పోయింది, అంతా మళ్లీ మొదటికి. ఆ రాత్రి వాళ్లని ఏడు తరాలు వెనక్కెళ్లి తిట్టాను. పొద్దున టీ తాగుతూ చూసుకుంటే, నా స్క్రిప్ట్‌లో మధ్యలో సేవ్ చేసే లైను ఒక్కటంటే ఒక్కటి లేదు! అప్పుడు వీడియోని రెండేసి నిమిషాల ముక్కలు చేసి, ముక్కలన్నీ క్యూలో పెట్టి, ఒక్కోటి పూర్తవగానే బయటి స్టోరేజ్‌లోకి నెట్టేలా మార్చాను. ఇప్పుడు సర్వర్ పోతే పోయేది ఒక్క ముక్క. రాత్రి మూడుసార్లు పోయినా నాకు తెలిసేది పొద్దున లాగ్ చూసినప్పుడే.

ఇంకొందరుంటారు, అందరూ ఎగబడే ఆ ఒక్క జీపీయూ (గ్రాఫిక్స్ చిప్ ఉన్న) మెషీనే కావాలి, అదీ ఒకే జోన్‌లో, అంటే ఒకే డేటా సెంటర్ల గుంపులో కావాలి. ఊడక ఏమవుతుంది? నాలుగైదు రకాలు ఒప్పుకోండి, జోన్లు మార్చండి, ముంబై ఒక్కటే కాదు కదా, 2022 నవంబర్ నుంచి అమెజాన్‌కి మన హైదరాబాద్ రీజియన్ (కొన్ని జోన్లు కలిసిన ప్రాంతం) కూడా ఉంది. ఏ రకం ఎంత తరచుగా ఊడుతోందో అమెజాన్ వాళ్లే స్పాట్ అడ్వైజర్ పేజీలో పెడతారు, 5 శాతం లోపు దగ్గర్నుంచి 20 శాతం పైదాకా. ఒక్కడూ తెరిచి చూడడు!

ఇక నా అనుమానం చెప్తా. మొదట్లో ఈ సర్వర్లకి వేలంపాట ఉండేది, ఎక్కువ పాడినవాడికే దక్కేది. 2011లో ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ యూనివర్సిటీ పరిశోధకులు ఆ ధరల చరిత్ర తవ్వి, ఇది నిజం మార్కెట్ రేటులా లేదు, లోపల దాచిపెట్టిన కనీస ధర ఏదో ఆడిస్తున్నట్టుంది అని రాశారు. 2017 చివర్లో అమెజాన్ వాళ్లు పాట పాడే పని లేకుండా చేసి, ధర నెమ్మదిగా మారేలా పెట్టారు. నా థియరీ ఏంటంటే, వాళ్లకి మన చిల్లర ముఖ్యం కాదు. లేవమనగానే లేచిపోయేవాళ్లతో హాలు నింపుకుంటే, పెద్ద కస్టమర్ ఎప్పుడొచ్చినా చోటు రెడీ. ఆ డిస్కౌంట్ మనం లేచిపోయినందుకు ఇచ్చే కూలి. కూలి బాగుంది కాబట్టి నేను తీసుకుంటున్నా, మీకేంటి బాధ?

ఈ రాత్రి ఒక పని చేయండి. జాబ్ సగంలో ఉండగా మీ చేత్తో మీరే సర్వర్ ఆపేయండి, మళ్లీ ఎక్కణ్నుంచి మొదలైందో కింద రాయండి. మొదటి నుంచి మొదలైతే మాత్రం నన్ను తిట్టకండి, ఆ తిట్లన్నీ ఆ రాత్రి నేనే వాడేశాను.