ఊరి నీళ్ల ప్లాంటు: దానం ఎక్కడిదాకా, ధర ఎక్కణ్నుంచి
(బెంగళూరులో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లకు సొంతూరికి ఏదైనా చేద్దామనుకోగానే తట్టేవి రెండు. బడికి ఒక గది, లేదంటే ఊరికి నీళ్ల ప్లాంటు. బడి సంగతి ఇవాళ వదిలేద్దాం. నీళ్ల ప్లాంటు రిబ్బను కత్తిరించిన ఫొటో వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది. రెండు మూడేళ్లకు ఆ షెడ్డుకే తాళం పడుతుంది. యంత్రం చెడిందంటారు గానీ, చాలాచోట్ల ముందు చెడేది లెక్క. బాగు చేయించడానికి డబ్బుల్లేక యంత్రం ఆ తర్వాత ఆగుతుంది.

"నీళ్లు కూడా అమ్ముకుంటారా?" అని ఒక వర్గం, "మార్కెట్టుకు వదిలేస్తే అదే చూసుకుంటుంది" అని ఇంకో వర్గం వాదించుకుంటూ ఉంటాయి. ఇద్దరూ కాగితం మీద లెక్క వేయరు. మనం వేద్దాం.

దానికన్నా ముందు, మీ ఊరికి ఆర్‌వో, అంటే మెంబ్రేన్ అనే సన్నని పొరలోంచి నీళ్లను నెట్టి లవణాలను వడకట్టే యంత్రం, అవసరమా? నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని మీద తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అదీ నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచి. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. అందుకే మనవాళ్లకు ఆర్‌వో మీద అంత గురి. కానీ అన్ని బోర్లూ ఒకటి కావు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట టీడీఎస్ 2000 వరకు, ఫ్లోరైడ్ 1.5 వరకు ఒప్పుకుంటారు. నైట్రేట్‌కు 45 దాటితే సడలింపు లేదు. మీ బోరులో టీడీఎస్ 400, ఫ్లోరైడ్ 0.6, నైట్రేట్ 20 ఉన్నాయనుకోండి, ఇసుక ఫిల్టరు, క్రిముల్ని చంపే యూవీ దీపం, క్లోరిన్ చాలు. ఖర్చు బాగా తగ్గుతుంది, వృథా నీరూ పోదు. ఆర్‌వో అమ్మేవాడు ఈ మాట చెప్పడు లెండి. జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను గానీ, సూక్ష్మక్రిములను గానీ పట్టదు. ల్యాబుకే పంపాలి. నడివేసవిలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి పంపాలి. ఎండల్లో బోరు దిగినకొద్దీ లవణాలు పెరిగే ఊళ్లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు లెక్క. 600 ఇళ్ల ఊరు, గంటకు 1000 లీటర్లిచ్చే ప్లాంటు అనుకుందాం. అంకెలు నమూనా కోసం చెబుతున్నాను, మీ ఊరివి మీరు వేసుకోండి. నెలకు ఆపరేటరు జీతం 12,000. రిపేర్లకు 2,000. పరీక్షలకు, శుభ్రతకు 1,000. మెంబ్రేన్లు, మోటార్లు మార్చే రోజు కోసం పక్కన పెట్టాల్సింది 5,000. మొత్తం 20,000. క్యాన్లు పది అమ్మినా వెయ్యి అమ్మినా ఈ ఖర్చు తప్పదు. కరెంటు, కార్ట్రిడ్జి ఫిల్టర్లు, మెంబ్రేన్‌కు ఉప్పు పట్టకుండా నీళ్లలో కలిపే మందు అన్నీ కలిపి 20 లీటర్ల క్యానుకు మరో రూపాయి.

క్యాను 5 రూపాయలకు అమ్మితే మిగిలేది 4. ఇరవై వేలు రావాలంటే నెలకు 5,000 క్యాన్లు, అంటే రోజుకు సుమారు 167. ఆరువందల ఇళ్లలో ఇది సాధ్యమే. "పేదలు కదా, 2 రూపాయలకే ఇద్దాం" అన్నారనుకోండి, క్యానుకు మిగిలేది ఒక్క రూపాయి. నెలకు 20,000 క్యాన్లు, రోజుకు 667 అమ్మాలి. ఊళ్లో ఉన్న ఇళ్లకన్నా ఎక్కువ! ప్లాంటు రోజుకు పదమూడు గంటలకు పైగా తిరగాలి. అది జరగదు. మరి ఏం జరుగుతుంది? కమిటీ మొదట ఆ 5,000 పక్కన పెట్టడం మానేస్తుంది, ఎందుకంటే అది ఈ నెల ఎవరూ అడగని డబ్బు. తర్వాత పరీక్షలు ఆగుతాయి. చివరికి మెంబ్రేన్లు పోయిన రోజున పెట్టెలో రూపాయి ఉండదు.

ఇంకో రకం ప్రమాదం ఉంది. ఒక వర్గం దాత ప్లాంటు పెట్టాడని రెండో వర్గం దాత వీధి చివర ఇంకొకటి పెడతాడు. రోజుకు 250 క్యాన్ల గిరాకీ చెరి 125 అవుతుంది. రెండూ 167కు కిందే. రెండూ మూతపడతాయి. ఎన్నికల ఏడాదిలో ఎవరో ఉచిత క్యాన్లు పంచినా ఇదే కథ. పంచినవాళ్లు ఎన్నికలయ్యాక ఆపేస్తారు, ఈలోపు ఇక్కడి ఆపరేటరు జీతం లేక వెళ్లిపోతాడు.

సరే, 5 రూపాయలకు రోజుకు 250 క్యాన్లు నిలకడగా పోయాయనుకుందాం. నెలకు 10,000, ఏడాదికి 1,20,000 మిగులు. యంత్రం, షెడ్డు, ట్యాంకులు కలిపి 8 లక్షలైతే, 12 శాతం అప్పుకు మొదటి ఏడాది వడ్డీయే 96,000. అసలు తీరేదెప్పుడు? కాబట్టి నా మాట ఇదీ. పెట్టుబడి దానంగా రావాలి, నడిపే ఖర్చు ధరలోంచి రావాలి. పెట్టుబడి మీద లాభం ఆశించేవాడికి రెండే దారులుంటాయి, ధర పెంచడం లేదా మెంబ్రేన్ల దగ్గర కక్కుర్తి పడటం. లాభాల పరుగు పేదవాడి గుమ్మం దాకా ఎలా వస్తుందో 2010లో ఆంధ్రప్రదేశ్ చూసింది. పేదలకు చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు ఆగస్టులో మార్కెట్టుకెక్కాయి. ఇలాంటి సంస్థల బలవంతపు వసూళ్ల మీద గగ్గోలు లేచి అక్టోబరులో ప్రభుత్వం వాటిని అదుపు చేసే ఆర్డినెన్సు తెచ్చింది. కర్ణాటక కూడా 2025లో అలాంటి ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది.

దానం పెట్టుబడితో ఆపండి. నెలనెలా జీతానికి పంపడం మొదలుపెడితే, మీకు ఉద్యోగం మారిన నెలలోనే ప్లాంటు ఆగుతుంది.

యంత్రం దగ్గర ఏం చెడుతుందో కాస్త వివరంగా చెబుతాను. బోరు నీళ్లు ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు దాటి, పొరలా ఉప్పు కట్టకుండా చేసే యాంటీస్కేలెంట్ మందు కలుపుకొని, 5 మైక్రాన్ల కార్ట్రిడ్జిలోంచి హైప్రెషర్ పంపుకు, అక్కడినుంచి మెంబ్రేన్లకు వెళ్తాయి. సగం మంచినీళ్లుగా, సగం రిజెక్టుగా, అంటే వదిలేయాల్సిన ఉప్పునీళ్లుగా వస్తాయి. అంటే 5,000 లీటర్లు అమ్మాలంటే బోరు 10,000 ఇవ్వాలి. రిజెక్టు పైపు చూసి ఊరివాళ్లు "ఇన్ని నీళ్లు పారబోస్తారా?" అని కోప్పడతారు. ఆపరేటరు వాల్వు బిగిస్తాడు. అప్పుడు మూడొంతులు మంచినీళ్లు, ఒక వంతు రిజెక్టు. అందరికీ సంతోషం. కానీ సగం సగం ఉన్నప్పుడు రిజెక్టులో ఉప్పు రెండింతలైతే, ఇప్పుడు నాలుగింతలు. అది మెంబ్రేన్ మీద గట్టిపడుతుంది. రెండు మూడేళ్లు రావాల్సిన మెంబ్రేన్ కొన్ని నెలల్లోనే పోతుంది. మందు అయిపోయినా తెప్పించకపోతే ఇదే ఫలితం. మంచినీటి ధార పది, పదిహేను శాతం తగ్గగానే సిట్రిక్ యాసిడ్‌తో కడిగితే సున్నపు పొర వదులుతుంది. సిలికా కట్టిందంటే ఇక వదలదు. రోజూ ఐదు అంకెలు పుస్తకంలో రాయించండి. బోరు టీడీఎస్, మంచినీటి టీడీఎస్, రెండు ధారలు, ప్రెషరు. ఆపరేటరుకు చదువు తక్కువైనా ఫరవాలేదు, పేజీ ఫొటో వాట్సాప్‌లో పెడితే ఇక్కడున్న మీరు చూడొచ్చు.

బ్లీచింగ్ కలిపిన పంచాయతీ ట్యాంకు నీళ్లు పెడితే ఇంకో ముప్పు. కార్బన్ ఫిల్టరు పాతబడితే క్లోరిన్ దాటి వెళ్లి మెంబ్రేన్‌ను తినేస్తుంది. ఆ దెబ్బ కడిగితే పోదు. రిజెక్టులో ఫ్లోరైడ్ కూడా రెట్టింపవుతుంది కాబట్టి, బోరు పక్కన ఇంకుడు గుంతలోకి వదలొద్దు, పశువులకు పెట్టొద్దు. మరుగుదొడ్లకు వాడండి.

చివరికి క్యాను. ఆర్‌వో ప్లాంటు నీళ్లలో క్లోరిన్ ఉండదు, కాబట్టి మురికి క్యానులో పోస్తే యూవీ దీపం శ్రమంతా వృథా. హెచ్2ఎస్ సీసా అని చవకైన పరీక్ష ఉంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలినం ఉన్న నీరు నల్లబడుతుంది. కొళాయి దగ్గర ఒకటి, ఓ ఇంటి క్యానులోంచి ఒకటి చేసి, ఆ రెండు సీసాలూ అందరికీ కనబడేలా పెట్టండి. ఉపన్యాసాలు అక్కర్లేదు.

ఇక పేదలు. 5 రూపాయలు ఇవ్వలేని ఇళ్లు తక్కువ. 200 రూపాయలు ముందే కట్టి, ప్లాంటులో నీళ్లు పట్టుకునే కార్డును రీచార్జి చేయించుకోలేని ఇళ్లు ఎక్కువ. కూలి డబ్బు ఏ రోజుకారోజు వస్తుంది. బెంగళూరులోనే 1995లో మొదలైన సెల్కో అనే సోలారు సంస్థ, దీపాలకు బ్యాంకు అప్పు ఇప్పించేటప్పుడు వాయిదాను కొనేవాళ్ల రాబడి వచ్చే తీరుకు అమర్చింది. మన కార్డుకూ అదే సూత్రం, కనీస రీచార్జి 20 రూపాయలు ఉంచండి. ముసలివాళ్లు 20 కిలోలు మోయలేరు, 10 లీటర్ల ధర కూడా పెట్టండి. ఆటోలో ఇంటికి చేర్చితే మరో 5 రూపాయలు తీసుకోవచ్చు, అది ఆటో నడిపే కుర్రాడికి. షెడ్డు స్థలం మాత్రం చూసి ఎంచుకోండి. గుడి పక్కన దాతల వీధిలో పెడితే ఎస్సీ కాలనీ నుంచి రావడానికి జంకుతారు. రోడ్డు మీద, అందరూ నడిచే చోట పెట్టాలి. ఇది ధరతో తీరే సమస్య కాదు.

ధరతో తీరనిది మరొకటి, వాడకం నీళ్లు. కేంద్ర ప్రభుత్వ పథకం జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు కొళాయిలో రావాలంటుంది. అది క్యాన్లతో అయ్యే పని కాదు. అనంతపురం జిల్లాలో 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు వేయించిన పైపులైన్లు గానీ, తెలంగాణలో మిషన్ భగీరథ గానీ క్యాను ధర లెక్కలతో పుట్టినవి కావు. మీ ప్లాంటు చూపించి పంచాయతీ కొళాయి పని వాయిదా వేస్తుంటే మీరే అడ్డుపడాలి.

డబ్బు పంపే ముందు ఒప్పందం రాయించండి. స్థలం పంచాయతీ పేరున ఉండాలి. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో, బిల్లు ఎవరు కడతారో రాయాలి. కమిటీలో పొదుపు సంఘం మహిళలు కనీసం సగం ఉండాలి. రోజుకెన్ని క్యాన్లు పోయాయో చూపే మీటరు రీడింగు, వసూలు లెక్క పక్కపక్కనే పలక మీద రాయాలి. మెంబ్రేన్ల 5,000 వేరే ఖాతాలో పడాలి, తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ధర మార్చే అధికారం గ్రామసభకే ఉండాలి, సర్పంచి ఒక్కరికే కాదు, దాతకు అసలే కాదు. ఇవన్నీ ఒప్పుకున్న ఊరికి మొదటి విడత పంపండి. రెండో విడతకు ముందు వేసవి నీటి పరీక్ష రిపోర్టు, మూడు నెలల క్యాన్ల లెక్క తెప్పించుకోండి. రోజుకు 167 దాటని చోట యంత్రాన్ని పెంచొద్దు, ముందు ఆటో పెట్టి చూడండి.