పాత బొమ్మల్లో అవమానం కనిపిస్తే ఏం చేయాలి?

నమస్కారం. ఈ వీడియోలో చూపించబోయే బొమ్మలు కొన్ని మనుషులను కించపరిచేవి. పక్కన పిల్లలు ఉంటే ముందు మీరొక్కరే చూడండి, తరువాత వాళ్లను కూర్చోబెట్టుకుని చూపించండి. ఇలాంటి బొమ్మను ఎవరి ముందు పెట్టినా ఈ మాట ముందుగా చెప్పాలి.

హైదరాబాదులో పాత కాగితాలకు కొరత లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, గురువారం జుమ్మేరాత్ బజార్‌లో వెతికితే పాత వారపత్రికలు, అగ్గిపెట్టెల లేబుళ్లు, సబ్బు ప్రకటనలు, పోస్టుకార్డులు దొరుకుతాయి. ఆ రంగులు, ఆ అచ్చు, ఆ అక్షరాల వంపు చూస్తే ప్రాణం లేచి వస్తుంది. ఇష్టపడి తెచ్చుకున్న అలాంటి బొమ్మలోనే ఎవరికో జరిగిన అవమానం ఉంటే దాన్ని ఎలా చూడాలి, ఎలా దాచాలి అన్నది ఈ రోజు విషయం.

ఇదిగో, ఒక పాత వారపత్రికలోని కార్టూన్. సంతకం మీద కాగితం అంటించాను. ఇలాంటివి ఒక్కరు గీసినవి కావు, అందుకని ఒక్కరి పేరు చెప్పడం న్యాయం కాదు. దగ్గరికి తెస్తున్నాను, చూడండి. పెళ్లిచూపులు జరుగుతున్నాయి. తండ్రి కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. పెళ్లిళ్ల పేరయ్య చేతిలో గొడుగు ఉంది. పెళ్లికొడుకుకు సన్నటి మీసం. పెళ్లికూతురు మాత్రం ఒక నల్లటి సిరా ముద్ద. అందులో రెండు తెల్లటి కళ్లు, ఒక పళ్ల వరుస, అంతే. ముక్కు లేదు, గడ్డం లేదు, వయసు తెలియదు. చీర అంచు మీది పువ్వులను మాత్రం ఒక్కొక్కటిగా గీశారు. చేయి తిరగక అలా వదిలేశారని అనలేం.

కార్టూన్ అంటేనే అతిశయోక్తి కదా అని కొందరు అంటారు. నిజమే, తండ్రి ముక్కు కూడా పెద్దదే. కానీ అది ఆ తండ్రి ముక్కు. పెళ్లికూతురిది మూస. రంగు తక్కువైన ఆడపిల్ల ఎక్కడ కనిపించినా అదే ముద్ద, అవే పళ్లు. కాబట్టి ఏ పాత బొమ్మ చేతికొచ్చినా ముందు చూడవలసింది ఇది: ఈ చట్రంలో ఎవరికి ముఖం ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు?

తరువాత, ఆ బొమ్మను ఎవరి కోసం అచ్చు వేశారో అడగాలి. ఇది 1899 నాటి పియర్స్ సబ్బు ప్రకటన నకలు. మధ్యలో తెల్లటి దుస్తుల్లో అమెరికా నౌకాదళ అధికారి డ్యూయీ చేతులు కడుక్కుంటున్నాడు. చుట్టూ ఓడలు. కింద మూలకు తీసుకెళ్తాను. ఒళ్లు సగం కప్పుకున్న మనిషి మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఒక తెల్లవాడు అతని చేతికి సబ్బు ఇస్తున్నాడు. పరిశుభ్రత నేర్పితే "తెల్లవాడి భారం" తగ్గుతుందని కింద రాశారు. మిగతా జాతులను బాగుచేసే బాధ్యత తమదేనని తెల్లవారు చెప్పుకున్న మాట అది. అంతకుముందు ఏడాదే డ్యూయీ మనీలాలో యుద్ధం గెలిచాడు, ఫిలిప్పీన్స్ అమెరికా చేతికి వెళ్లింది. ఆ ఆక్రమణకు సబ్బు నురగ పూశారు. కొనవలసినవాళ్లు అమెరికా ఇళ్లల్లో ఉన్నారు. మోకాళ్ల మీద ఉన్న మనిషికి ఈ ప్రకటన చూపించాలన్న ఆలోచనే ఎవరికీ లేదు.

మూస వెనుక ఒక్కోసారి చట్టమే ఉంటుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, పుట్టుకనే నేరంగా నమోదు చేసింది. తరువాత ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురంలో నిఘా కింద ఉంచారు. 1952లో చట్టం రద్దయినా, మన చవక నవలల అట్టల మీద, సినిమా సంభాషణల్లో ఆ ఊరి పేరు దొంగతనానికి మారుపేరుగా నిలిచిపోయింది. ఆ అట్టను చూసి నవ్వేవారికి ఈ చరిత్ర చెప్పకపోతే, రద్దయిన చట్టాన్ని మనమే నడిపిస్తున్నట్టు.

ఇక్కడ నాకు బాగా కోపం తెప్పించే మాట ఒకటి ఉంది: "ఆ కాలం అంతే, అప్పట్లో ఎవరూ బాధపడలేదు." ఎవరిని అడిగారు? ఈ హైదరాబాదులోనే దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథల ద్వారా దళితుల్లో చైతన్యం తెచ్చారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, తమవారిని పంచములని, అంటే నాలుగు వర్ణాలకు బయటి ఐదోవారని, పిలవడం కుదరదని తేల్చిచెప్పారు. ఆ సభే ఆది ఆంధ్ర సభగా మారింది. అభ్యంతరం ఆ రోజుల్లోనే ఉంది. పత్రిక బొమ్మల్లో దానికి చోటు దొరకలేదు.

అలాగని చించెయ్యకండి. అమెరికా సినిమా సంస్థ వార్నర్ బ్రదర్స్ పాత కార్టూన్లలో నల్లవారిని కించపరిచిన 11 చిత్రాలను 1968లో టెలివిజన్ పంపిణీ నుంచి తప్పించారు. పిల్లల కార్యక్రమాల మధ్య అవి రాకపోవడం మంచిదే. కానీ పూర్తిగా మాయమైతే జరిగిందని నమ్మేవారే ఉండరు. అమెరికాలోని మిషిగన్‌లో ఫెరిస్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు నల్లవారిని వెక్కిరించిన బొమ్మలు, డబ్బాలు, పోస్టర్లతో జిమ్ క్రో మ్యూజియం నడుపుతున్నారు. నల్లవారిని వేరుగా ఉంచిన అమెరికా చట్టాలను జిమ్ క్రో అని పిలిచేవారు. ప్రతి వస్తువునూ దాని చరిత్రతో కలిపి చూపిస్తారు. నాకు సరైనదిగా తోచేది ఈ దారే.

ఇంట్లో చేయవలసింది చెబుతాను. బొమ్మను ఆమ్లం లేని కాగితంలో పెట్టండి. వేరే చీటీ మీద పత్రిక, సంవత్సరం, తెలిసిన వివరాలు పెన్సిల్‌తో రాసి, అదే కవరులో ఉంచండి. నా కార్టూన్ చీటీ మీద "హాస్యం" అని రాయలేదు. "పెళ్లిచూపులు, వధువు రంగును ఎగతాళి చేస్తూ ముఖం లేకుండా గీసినది" అని రాశాను. ఫోనులో పంపేటప్పుడు వివరాన్ని బొమ్మ మీదే అచ్చు వేయండి. విడిగా రాసి పంపితే రెండో చేయి మారేసరికే ఊడిపోతుంది.

గోడకు మాత్రం తగిలించవద్దు. ఈ మధ్య నగరంలో కాఫీ హోటళ్లకు పాత ప్రకటనల నకళ్లు అలంకారమయ్యాయి. అక్కడ చీటీ ఎవరూ చదవరు. ఆ బొమ్మలో తనను చూసుకునే మనిషి దాని కిందే కూర్చుని టీ తాగాలి. మీకు అలాంటిది కనిపిస్తే యజమానిని పక్కకు పిలిచి మర్యాదగా చెప్పండి. తీసేసిన చోట పెట్టుకోవడానికి మంచి అగ్గిపెట్టె లేబుళ్లు ఆబిడ్స్‌లో బోలెడు దొరుకుతాయని కూడా చెప్పండి.