పిల్లలకి రాసిన పాత పోస్ట్‌కార్డులు కొన్నా, తిప్పి చూస్తే...

హాయ్ అండీ, చాలామంది అడిగారు కదా, పాత కార్డుల లాట్ (అంటే కలిపి ఒకేసారి అమ్మే కట్ట) రివ్యూ, ఇదిగో. సెల్లర్ లిస్టింగ్‌లో "బ్రిటన్‌లో పిల్లలకి పంపినవి, 1900 నుంచి 1918" అని పెట్టాడు, మొత్తం 30. ముందు వైపంతా టోపీలు పెట్టుకున్న కుందేళ్లు, పిల్లిపిల్లలు, ముద్దుగానే ఉన్నాయి గానీ బొమ్మలే కావాలంటే నెట్‌లో బోలెడు, వీటి అసలు సంగతంతా వెనకే ఉంది.

ఇది చూడండి, అడ్రస్‌లో పేరు ముందు "మాస్టర్" అని ఉంది. టీచర్ అనుకునేరు, కాదండోయ్, అక్కడ మగపిల్లల పేర్ల ముందు అలా రాసేవాళ్లు. దీంట్లో ఏమో రాతంతా బొమ్మ మీదే ఇరికించేశారు, పిల్లి తోక కింద సంతకం! ఎందుకంటే బ్రిటన్‌లో 1902 దాకా అడ్రస్ వైపు ఇంకేమీ రాయనిచ్చేవాళ్లు కాదు, తర్వాతే ఆ వైపుని రెండు సగాలు చేసి ఒకటి కబుర్లకి ఇచ్చారు, అమెరికాలో అయితే 1907లో.

ఇక సిల్క్ కార్డు, దారంతో కుట్టిన పూలు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ నుంచి సైనికులు ఇంటికి పంపినవి ఇలాంటివే. ముందు బుల్లి జేబు ఉంది, లోపల ఇంకో బుల్లి కార్డు ఉండాలి, నాకొచ్చిన దాంట్లో ఖాళీ. స్టాంపు లేదు కాబట్టి "వాడనిది" అని రాశాడు మన సెల్లర్, తిప్పితే పెన్సిల్‌తో, "ఉయ్యాల విరిగిందన్నావుగా, నేనొచ్చాక బాగుచేస్తా, నువ్వు ముట్టుకోకు." కుట్టు పాడవకుండా వీటిని ఎక్కువగా కవర్లో పెట్టి పంపేవాళ్లు, స్టాంపు ఎక్కడుంటుంది మరి?

దీని దగ్గర మాత్రం నేను ఆగిపోయా. బొమ్మే లేదు, ఆర్మీ ఇచ్చిన కార్డు. వాక్యాలు ముందే ప్రింటయి ఉంటాయి, అక్కర్లేనివి కొట్టేసి తేదీ, సంతకం పెట్టాలి, అంతకుమించి ఏం రాసినా కార్డు నాశనం చేస్తామని దానిమీదే ఉంది. ఇతను అన్నీ కొట్టేసి "నేను బాగానే ఉన్నాను" ఒక్కటే ఉంచాడు, సంతకం చోట పేరు లేదు, "డాడీ" అని ఉంది.

మైనస్ ఏంటంటే రెండు కొత్త రీప్రింట్లు కలిపేశాడు, భూతద్దంలో చూస్తే ఒకే వరసలో చుక్కలు, దొరికిపోయాడు. నా రేటింగ్ 5కి 3. వెనక వైపు ఫోటో పెట్టని లాట్ అస్సలు కొనకండి. ఆ డాడీ కార్డు అమ్ముతారా అని మాత్రం కామెంట్లలో అడక్కండి, అమ్మను.