ఇంజన్‌లో మంటకు ఇచ్చే చోటు

శ్రోతలకు నమస్కారం. ఇంజన్ మాట వచ్చినప్పుడు హార్స్‌పవర్ ఎంత, మైలేజీ ఎంత అని అడుగుతాం గాని, ఆ రెండింటినీ చాలావరకు తేల్చే దహన గది ఎలా ఉందని అడగం. ఇంధనం ఏ విధంగా అంటుకుంటుంది, మండడానికి దానికెంత వ్యవధి దొరుకుతుంది అన్నవే ఆ గది రూపాన్ని నిర్ణయిస్తాయి.

నిమిషానికి 3000 చుట్లు తిరిగే పెట్రోలు ఇంజన్‌లో మంట పూర్తికావడానికి దొరికేది సెకనులో సుమారు 300వ వంతు. స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట ఆ కాస్త సమయంలోనే గది అంచుల దాకా పాకాలి. ఆలస్యమైతే, మూలన మిగిలిన పెట్రోలు-గాలి మిశ్రమం అప్పటికే పెరిగిన పీడనానికీ వేడికీ తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనే టకటక చప్పుడు అదే. ముదరనిస్తే పిస్టన్‌కు చిల్లుపడినా పడవచ్చు.

వాల్వులు సిలిండర్ పక్కన ఉండే పాతకాలపు ఇంజన్లలో గది వెడల్పుగా, పల్చగా పరుచుకుని ఉండేది కనుక ఈ బెడద ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే ఇంగ్లండు ఇంజనీరు హ్యారీ రికార్డో, సిలిండర్‌కు పైమూత అయిన హెడ్డును పిస్టన్ మీదికి బాగా దించి, సన్నని సందు మాత్రం వదిలి, మిగిలిన చోటంతా వాల్వుల వైపు చేర్చారు. పిస్టన్ పైకి వచ్చినప్పుడల్లా ఆ సందులోని మిశ్రమం పక్కకు తోసుకువచ్చి సుడులు తిరిగేది, ఆ సుడుల్లో మంట వేగం పుంజుకునేది. సందులో మిగిలిపోయిన కొద్దిపాటి మిశ్రమాన్ని చుట్టూ ఉన్న చల్లని లోహం వేడెక్కనిచ్చేది కాదు. కొత్త ఇంధనం గాని, ఖరీదైన లోహం గాని లేకుండా, కేవలం చోటు సర్ది సాధించిన ఈ ఫలితం నాకు ఇంజనీరింగ్‌లో ఎంతో గౌరవించదగినదిగా తోస్తుంది. నేటి కార్లలో నాలుగు వాల్వులు, రెండు వైపులా వాలిన పైకప్పు, నడిమధ్య ప్లగ్గు ఉండడానికి కారణం కూడా మంట నడవవలసిన దూరాన్ని తగ్గించడమే.

డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గుతో నిప్పు రాజేసే పని లేదు. గాలిని 15 నుంచి 20 వంతులకు పైగా కుదిస్తే పుట్టే వేడికి, ఇంజెక్టర్ చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. అక్కడి చిక్కు ఆ తుంపరను చాలినంత గాలితో కలపడమే. ఏదైనా షెడ్డులో లారీ ఇంజన్ హెడ్డు విప్పినప్పుడు పిస్టన్ నెత్తిన చూడండి: గుండ్రటి గుంట, దాని నడుమ చిన్న బొడిపె కనిపిస్తాయి. దహన గది ముఖ్యంగా ఆ గుంటే. నాజిల్ రంధ్రాల నుంచి వచ్చే ధారలు గుంట అంచుల వైపు దూసుకుపోతాయి. అక్కడ సుడి తిరిగే గాలి వాటిని చెదరగొడుతుంది. గాలి అందని చోట ఇంధనం సగమే కాలి నల్లటి పొగగా బయటికి వస్తుంది. పూర్వం హెడ్డులో వేరే చిన్న గదిలో మంట రాజేసి, ఇరుకైన దారి గుండా సిలిండర్‌లోకి పంపేవారు. చప్పుడు తగ్గినా, ఆ దారి గోడలకే చాలా వేడి పోయి ఇంధనం ఎక్కువ ఖర్చయ్యేది.

జెట్ ఇంజన్‌లో మంట నిరంతరం వెలుగుతూనే ఉండాలి. కంప్రెసర్ నుంచి సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వచ్చే గాలిలో ఏ మంటా నిలవదు కాబట్టి, ముందుగా దాని వేగం తగ్గించి, సుమారు ఐదో వంతును మాత్రమే నేరుగా మంట మొదట్లోకి పంపి సుడి తిప్పుతారు. 2000 డిగ్రీలకు చేరే ఆ మంటను, మంటను చుట్టి ఉండే లోహపు తొడుగు, అంటే లైనర్, రంధ్రాల గుండా వచ్చే మిగతా గాలి టర్బైన్ రెక్కలు ఓర్చుకోగల స్థాయికి చల్లబరుస్తుంది.

రాకెట్‌లో అలా చల్లార్చే గాలి కూడా ఉండదు. 2023లో చంద్రయాన్-3ను శ్రీహరికోట నుంచి తీసుకువెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్ పై దశలోని సీఈ-20 ఇంజన్‌లో, సున్నాకు 253 డిగ్రీల దిగువన ఉండే ద్రవ హైడ్రోజనే ముందుగా గది గోడలోని సన్నని కాలువల గుండా పారి, ఆ తర్వాత లోపలికి వెళ్లి మండుతుంది. గది పెద్దదయ్యే కొద్దీ పీడన తరంగాలు మంటతో జత కలిసి క్షణాల్లో ఇంజన్‌నే పేల్చివేసే ప్రమాదం ఉంది. చంద్రుడిపైకి మనుషులను పంపిన శాటర్న్-5 రాకెట్‌లోని ఎఫ్-1 ఇంజన్‌కు ఇదే గండం ఎదురైంది. అమెరికా ఇంజనీర్లు ఇంధనం చిమ్మే పలకపై రాగి అడ్డుగోడలు పెట్టి, మండుతున్న గదిలో కావాలనే చిన్న బాంబు పేల్చి, రేగిన తరంగం దానంతటదే అణగిపోయే వరకు ఆ గోడల అమరికనూ, రంధ్రాల కొలతలనూ మారుస్తూ పోయారు.