డ్రోన్‌కి కళ్లు ఏవి పెట్టాలి? మిర్చి తోటలో మూడు స్టీరియో కెమెరాల రివ్యూ

నమస్కారం అండి. పెళ్లిళ్లలో వీడియో తీసే డ్రోన్ కెమెరా కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఈరోజు చూసేది డ్రోన్ తన దారి తాను చూసుకోవడానికి పెట్టుకునే కెమెరా. రిమోట్ పక్కన పెట్టేసినా చెట్టుకో స్తంభానికో తగలకుండా వెళ్లాలంటే దీని మీదే ఆధారం. టేబుల్ మీద మూడు ఉన్నాయి: రియల్‌సెన్స్ డి435ఐ, డి455, లక్సోనిస్ వాళ్ల ఓక్-డి. స్పాన్సర్లు ఎవరూ లేరు.

మూడూ స్టీరియోనే, అంటే రెండు లెన్సులతో చూసి దూరం కొలిచేవే. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి, రెండు కళ్లు ఎందుకో అర్థమైపోతుంది. ఆ రెండు లెన్సుల మధ్య దూరాన్ని బేస్‌లైన్ అంటారు. డి435ఐలో 50 మిల్లీమీటర్లు, ఓక్-డిలో 75, డి455లో 95. కొనేవాళ్లంతా రిజల్యూషన్ అడుగుతారు. నేను మాత్రం ముందు ఈ అంకె చూస్తాను.

ఎందుకంటారా? 10 మీటర్ల దూరంలో ఒక కొమ్మ ఉందనుకోండి. ఎడమ బొమ్మలో, కుడి బొమ్మలో ఆ కొమ్మ కనిపించే చోట్ల మధ్య తేడా డి435ఐలో దాదాపు మూడున్నర పిక్సెళ్లే. అదే డి455లో ఆరు దాటుతుంది. ఆ తేడాని బట్టే దూరం లెక్క కడతారు కాబట్టి పిక్సెల్‌లో చిన్న ముక్క తప్పినా దూరం మారిపోతుంది. పైగా దూరం రెట్టింపయితే తప్పు నాలుగింతలవుతుంది. సెకనుకి 10 మీటర్ల వేగంతో పోతుంటే, సెకనుకి 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్యే డ్రోన్ 33 సెంటీమీటర్లు జరిగిపోయి ఉంటుంది. కొమ్మని దగ్గరికొచ్చాక గుర్తుపట్టి లాభం లేదు.

షట్టర్ సంగతి. బొమ్మంతా ఒకేసారి తీస్తే గ్లోబల్ షట్టర్, వరస వరసగా తీస్తే రోలింగ్ షట్టర్. మూడింటిలోనూ లోతు, అంటే దూరం, చూసే జంట కెమెరాలు గ్లోబల్ షట్టరే, మంచిది. కలర్ కెమెరా మాత్రం డి435ఐలోనూ ఓక్-డిలోనూ రోలింగ్ షట్టర్, డి455లో గ్లోబల్. మోటార్ల వణుకుకి రోలింగ్ షట్టర్ బొమ్మ వంకర్లు పోతుంది. దాన్ని నమ్ముకుని డ్రోన్ ఎంత జరిగిందో లెక్కలు కట్టించకండి.

ఇప్పుడు గుంటూరు దగ్గర మిర్చి తోట. ఈ క్లిప్పులో ఎడమవైపు మామూలు బొమ్మ, కుడివైపు లోతు బొమ్మ. ఆకులున్న చోట మూడూ బాగానే చూశాయి. ఎండలో రియల్‌సెన్స్ విసిరే ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు కొట్టుకుపోతాయి గానీ, ఆకుల గజిబిజే స్టీరియోకి కావలసినంత ఆనవాలు ఇస్తుంది. గొడవంతా మొక్కల మొదళ్ల చుట్టూ నేల మీద పరిచే మల్చింగ్ షీట్‌తోనే. మిట్టమధ్యాహ్నం ఆ వెండి షీట్ తళతళలాడుతుంటే, అదిగో, ఆ నల్లటి రంధ్రాలన్నీ కెమెరాకి ఏమీ తెలియని చోట్లే.

అసలు పరీక్ష బోరు మోటారుకి వెళ్లే కరెంటు తీగ. సెంటీమీటరు మందం తీగ 10 మీటర్ల దూరంలో డి435ఐకి ఒక పిక్సెల్ వెడల్పు కూడా ఉండదు. దానికి తోడు తీగ అడ్డంగా ఉంది, కెమెరాలోని రెండు లెన్సులూ అడ్డంగానే ఉన్నాయి. తీగ మీద ఏ బిందువు చూసినా పక్క బిందువులాగే ఉంటుంది కాబట్టి, ఎడమ బొమ్మలోది కుడి బొమ్మలో ఎక్కడుందో తేల్చుకోలేదు. బేస్‌లైన్ ఎంతున్నా ఇది తప్పదు. కెమెరాని నిలువుగా తిప్పి బిగిస్తే చాలావరకు దారికొస్తుంది. కాకపోతే పక్కలకి 87 డిగ్రీలు చూసే డి435ఐ అప్పుడు 58 డిగ్రీలే చూస్తుంది. మన పొలాల్లో తీగలు ఎన్నో మీకు తెలుసు కదా, నేను నిలువుగానే బిగిస్తాను.

ఇక కృష్ణమ్మ. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు డ్రోన్లతో ఆహారం పంపారు. అలాంటి పని డ్రోన్ తనంతట తానే చేయాలంటే కింద కదిలే నీళ్లు, పైన తీగలు. కిందికి చూసే కెమెరా నీటి కదలికని తన కదలిక అనుకుంటుంది. బ్యారేజీ దిగువన ఎండాకాలపు ఇసుక తిన్నెలు ఇంకో రకం చిక్కు, అంతా ఒకేలా ఉంటుంది. నవ్వకండి, మార్స్ మీద ఇంజెన్యుయిటీ హెలికాప్టర్ చివరి ప్రయాణం అలాంటి చోటే ముగిసింది. 2024 జనవరి 18న, 72వ ఎగురుడులో, గుర్తులు లేని ఇసుక మీద దాని కెమెరాకి ఆనవాళ్లు సరిపడా దొరకలేదు. అందుకే నీళ్ల మీద, ఇసుక మీద కెమెరా ఒక్కదాన్నే నమ్మకుండా జీపీఎస్, ఎత్తు చూసే లేజర్ కూడా ఉంచండి.

ఏది కొనాలి? బయట పొలాల్లో ఎగరేస్తే డి455. 124 మిల్లీమీటర్ల పొడవుంటుంది, చిన్న ఫ్రేముకి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది, అయినా అదే. కాలేజీ ల్యాబులో, గదుల్లో అయితే డి435ఐ చాలు. డ్రోన్ మీద కంప్యూటర్ చిన్నదైతే ఓక్-డి తీసుకోండి, మనిషినో పశువునో గుర్తుపట్టే ఏఐ మోడల్ కూడా కెమెరాలోనే నడుస్తుంది. రియల్‌సెన్స్ వాళ్ల పాత ట్రాకింగ్ కెమెరా టి265 సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని కొనకండి, తయారీ ఎప్పుడో ఆపేశారు.

ఒక మాట, యూఎస్‌బీ 3 కేబుల్ నుంచి వచ్చే రొద జీపీఎస్‌ని, 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్‌ని చెడగొడుతుంది. షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, జీపీఎస్‌ని కర్ర మీద పైకి పెట్టండి. ఇవన్నీ ఎక్కించాక డ్రోన్ 250 గ్రాములు దాటుతుంది, కాబట్టి నానో కేటగిరీ మినహాయింపులు ఉండవు. రిజిస్ట్రేషన్ చేయించుకుని, మ్యాప్‌లో జోన్ చూసుకునే ఎగరేయండి. నిలువు మౌంట్ ఫైల్ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను.