ఫిట్జెరాల్డ్ హాలీవుడ్ ఉత్తరాలు: అక్కడ బతిమాలడం, ఇక్కడ క్లాసు పీకడం

"జో, నిర్మాతలు అసలు తప్పే చెయ్యరా? నేను మంచి రచయితనయ్యా, ఒట్టు."

ఇది ఛాన్సుల కోసం స్టూడియోల చుట్టూ తిరిగే కుర్రాడి ఉత్తరం కాదండీ. 'ది గ్రేట్ గాట్స్‌బీ' నవల రాసిన అమెరికన్ రచయిత స్కాట్ ఫిట్జెరాల్డ్ 1938 జనవరిలో నిర్మాత జోసెఫ్ మాంకివిట్స్‌కి రాసింది. 'త్రీ కామ్రేడ్స్' సినిమాకి ఈయన రాసిన స్క్రిప్టుని మాంకివిట్స్ తిరగరాసేశాడు. ఈ డైలాగులు చదువుకోవడానికి బాగుంటాయి గానీ నటుల నోట పలకవని ఆయన వాదన. నన్నడిగితే అందులో కొంత నిజం ఉంది. కానీ అంతటి రచయిత చేత 'ఒట్టు' అనిపించడం ఉంది చూశారా, అదే మింగుడుపడదు.

హాలీవుడ్‌కి ఎందుకెళ్లాడంటే, అప్పులు. భార్య జెల్డా నార్త్ కరొలైనాలో మానసిక చికిత్సలో ఉంది. కూతురు స్కాటీ చదువు ఖర్చు సరేసరి. 1937లో ఎం.జి.ఎం. సినిమా స్టూడియో వాళ్లు వారానికి 1,000 డాలర్లు ఇస్తామంటే కాదనే పరిస్థితి లేదు.

ఇక కూతురికి రాసేటప్పుడు చూడాలి ఈయన్ని! పూర్తిగా హెడ్మాస్టరే. పదహారేళ్ల స్కాటీ స్కూల్లో రూలు తప్పి దొరికిపోయింది. 1938 జులైలో ఆమెకి రాసిన ఉత్తరం నిండా చీవాట్లే. ఆ తిట్ల మధ్యలోనే సొంత గాయం కూడా విప్పేశాడు: మీ అమ్మ నన్ను తన కోసమే ఎక్కువ పనిచెయ్యమంది, నా కల కోసం పనిచెయ్యనివ్వలేదు అని. కన్నకూతురికి ఈ మాట రాయొచ్చా? నాకైతే రాయకూడదనే అనిపిస్తుంది. ఇంతా చేసి, కాలేజీ రోజుల్లో నాన్న ఉత్తరం వస్తే చెక్కు ఉందా, కబుర్లేమైనా ఉన్నాయా అని చూసుకుని సొరుగులో పడేసేదాన్నని తర్వాత స్కాటీయే రాసింది.

నవ్వొచ్చే ఉత్తరాలూ ఉన్నాయి. 1939లో కొన్నాళ్లు 'గాన్ విత్ ద విండ్' స్క్రిప్టు మీద కూర్చోబెట్టారు. ఆ సినిమాకి మూలమైన మార్గరెట్ మిచెల్ నవల్లో లేని మాట ఒక్కటి కూడా వాడకూడదని షరతు! కొత్త వాక్యం కావాలంటే బైబిల్ తిరగేసినట్టు ఆ నవల తిరగేసి వెతుక్కోవాల్సి వచ్చిందని తన ఎడిటర్ మాక్స్ పెర్కిన్స్‌కి రాశాడు.

1940 డిసెంబరులో, 44 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. అన్నేళ్ల స్టూడియో చాకిరీకి తెర మీద పేరు పడింది 'త్రీ కామ్రేడ్స్' ఒక్కదానికే, అదీ ఇంకొకరితో కలిపి. మాంకివిట్స్ మాత్రం రచనకీ దర్శకత్వానికీ కూడా ఆస్కార్లు కొట్టాడు. అయినా సాహిత్య చరిత్రలో తనకి చోటంటూ దొరికితే, ఫిట్జెరాల్డ్‌ని తిరగరాసిన పందిగానే దొరుకుతుందని ఆయనే అన్నాడు.