బెన్నె వేఫర్లు: బానిసల పెరట్లో పెరిగిన నువ్వు

నమస్కారం. ఈ రోజు పాకం పట్టే పని లేదు, ఉండలు చుట్టే పని లేదు. ఓవెన్‌లో నువ్వుల బిస్కెట్లు కాలుద్దాం. పేరు బెన్నె వేఫర్లు. అమెరికాలో దక్షిణ కరోలినా తీరాన ఉన్న చార్ల్‌స్టన్‌కు వెళ్లినవాళ్లు డబ్బాల కొద్దీ కొని తెచ్చుకునేవి ఇవే.

అక్కడ నువ్వును బెన్నె అంటారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులతో పాటే ఆ పంట, ఆ పేరు సముద్రం దాటాయి. పగలంతా యజమాని వరి పొలంలో చాకిరీ చేసి, తమ గుడిసెల పక్కనున్న కాస్త నేలలో దాన్ని పండించుకున్నారు. నూరి కూరల్లో, పులుసుల్లో వేసుకున్నారు. 1808లో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఈ గింజను ఆఫ్రికా వాళ్లే తెచ్చారని, దీని నూనె ఆలివ్ నూనెకు ఏమాత్రం తీసిపోదని ఉత్తరంలో రాశాడు. ఆయన తోటలో పని చేసిందీ బానిసలే, అది వేరే సంగతి! కరోలినా తీరంలో నువ్వు పండించిన ఆ బానిసల సంతతి గల్లా గీచీ ప్రజలు ఇప్పటికీ ఆ తీరంలో ఉన్నారు. నన్నడిగితే, డబ్బా మీద ఊరి పేరు కంటే ముందు వాళ్ల పేరు ఉండాలి.

సరే, పనిలోకి దిగుదాం. 70 గ్రాముల నువ్వులను సన్నని సెగ మీద వేయించండి. చిటపటలాడి, కమ్మటి వాసన రాగానే వెంటనే పళ్లెంలోకి తీసేయండి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికే మాడి చేదెక్కుతాయి. 85 గ్రాముల వెన్న, 150 గ్రాముల బ్రౌన్ షుగర్ బాగా గిలకొట్టి, ఒక గుడ్డు, కొంచెం వెనిలా కలపండి. తర్వాత 80 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు, చిటికెడు వంట సోడా, చివర నువ్వులు. పిండి జారుగానే ఉంటుంది, కంగారుపడి మైదా పెంచకండి.

బేకింగ్ పేపర్ మీద అర చెంచా చొప్పున, రెండంగుళాల ఎడంతో పెట్టండి. వేడికి అవే పరుచుకుంటాయి. 175 డిగ్రీల్లో ఏడెనిమిది నిమిషాలు. ఆరో నిమిషం నుంచి అక్కడే నిలబడండి, ఫోను పక్కన పెట్టేయండి. అంచులు ముదురు గోధుమ రంగుకు తిరిగాయా, తీసేయాల్సిందే. అప్పుడు మెత్తగా వంగుతాయి, చల్లారాక అప్పడంలా ఫెళ్లున విరుగుతాయి.

గాలి చొరబడని డబ్బాలో దాచండి. వానాకాలంలో మెత్తబడితే మళ్లీ రెండు నిమిషాలు ఓవెన్‌లో పెట్టి తీయండి.